బూట్ మెనూ ఎవరి చేతిలో ఉండాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తదై ఉండాలి. నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాన్ని మూలన పడేయడం ఇష్టం లేనివాళ్లు పాత విండోస్‌ను అలాగే ఉంచి పక్కన లినక్స్ వేసుకుంటున్నారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు కోసమో, కొత్త డ్రైవర్లు రాని స్కానర్ కోసమో పాత విండోస్‌ను కదపలేనివాళ్లు అదే డిస్కులో కొత్త విండోస్‌కు చోటు చేస్తున్నారు. అంతా అయ్యాక మిగిలే ప్రశ్న ఒకటే. పవర్ బటన్ నొక్కగానే ఏ వ్యవస్థ కావాలో అడిగే ఆ మెనూను ఎవరు చూపించాలి?

దీనికి మూడు రకాల జవాబులున్నాయి. వేసుకున్న వ్యవస్థల్లో ఏదో ఒకదానితో వచ్చే బూట్ మేనేజరుకే పెత్తనం ఇవ్వాలనేది మొదటిది. ఏ వ్యవస్థకూ చెందని తటస్థ మేనేజరును పైన కూర్చోబెట్టాలనేది రెండోది. ఎంపిక పని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరుదేననీ, మధ్యలో ఇంకెవరూ అక్కర్లేదనీ చెప్పేది మూడోది. మూడింటికీ బలమైన వాదనలున్నాయి. మూడూ ఏదో ఒక రోజు యంత్రాన్ని నల్లతెర దగ్గర నిలబెట్టినవే. ఈ చిక్కు ఎలా పడిందో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

446 బైట్ల కోసం కొట్లాట

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ హార్డ్ డిస్కుతో వచ్చింది. దాని వెంట వచ్చిన డాస్ 2.0తోనే డిస్కును పార్టిషన్లుగా పంచే పద్ధతి మొదలైంది. డిస్కు మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు కోడుకు, 64 పార్టిషన్ల పట్టికకు, చివరి 2 గుర్తుకు పోతాయి. పట్టికలో నాలుగు వరసలకే చోటుంది. అప్పటి ఫర్మ్‌వేరైన బయోస్ ఈ సెక్టారును మెమరీలోకి ఎత్తి నడిపిస్తుంది తప్ప, అందులో ఉన్న కోడు ఎవరిదని అడగదు. కాబట్టి చివరగా ఎవరు రాస్తే వాళ్లదే రాజ్యం.

విండోస్ 95, 98ల ఇన్‌స్టాలర్లు అక్కడ ఉన్నదాన్ని అడగకుండానే చెరిపేసేవి. విండోస్ ఎన్‌టీ వంశానికి ఎన్‌టీఎల్‌డీఆర్ అనే లోడరు, బూట్ డాట్ ఐఎన్ఐ అనే జాబితా ఫైలు ఉండేవి. పక్కనున్న విండోస్ 98ని కూడా అది తన మెనూలో చేర్చుకునేది. విస్టాతో ఈ ఏర్పాటంతా మారిపోయింది. కొత్త లోడరు బూట్‌ఎంజీఆర్, దాని జాబితా బీసీడీ అనే డేటాబేసు. కొత్త లోడరుకు పాత వ్యవస్థల సంగతి తెలుసు, పాతదానికి కొత్తవాటి ఊసే తెలియదు. విస్టా ఉన్న యంత్రంలో తర్వాత ఎక్స్‌పీ వేస్తే మెనూలో విస్టా కనిపించకుండా పోయేది. ఫైళ్లన్నీ డిస్కులోనే ఉండేవి, వాటిని చేరే దారి మాత్రం తెగిపోయేది. పాతది ముందు, కొత్తది తర్వాత అనే సూత్రం అక్కడే స్థిరపడింది. విండోస్ వరకు అది ఈ రోజుకీ పాటించదగ్గదే.

మెనూ సరిగ్గా ఉన్నంత మాత్రాన గొడవ తీరలేదు. ఎక్స్‌పీలోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ పక్క పార్టిషన్‌లోని విస్టా, విండోస్ 7ల రిస్టోర్ పాయింట్లు చెరిగిపోయేవి. తనకు అర్థంకాని షాడో కాపీలను ఎక్స్‌పీ పనికిరానివిగా లెక్కగట్టడమే దానికి కారణం. ఒక వ్యవస్థ నడుస్తున్నప్పుడు రెండోది దాని కంటపడకుండా ఉండాలన్న ఆలోచనకు ఇలాంటి అనుభవాలే బలమిచ్చాయి. సిస్టమ్ కమాండర్, బూట్‌మ్యాజిక్, బూట్‌ఇట్ లాంటి మేనేజర్లు ఆ పనే చేసేవి. పార్టిషన్ రకం తెలిపే సంఖ్యను, ఉదాహరణకు 07ను 17గా మార్చేస్తే విండోస్‌కు ఆ పార్టిషన్ కనిపించదు. ఐబీఎం 1992లో ఓఎస్/2 2.0తో ఇచ్చిన బూట్ మేనేజరు తనకంటూ ఒక చిన్న పార్టిషన్ పెట్టుకుని కూర్చునేది. తటస్థ పక్షానికి తొలి రూపాలు ఇవే. ఏ వ్యవస్థ పోయినా మెనూ నిలవాలి, ఒకదాని తప్పు రెండోదానికి అంటకూడదు అన్న వాటి ఆశయం ఇప్పటికీ పాతబడలేదు.

లిలో నుంచి గ్రబ్ దాకా

లినక్స్ వైపు మొదటి దశాబ్దమంతా లిలోది. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ దాన్ని 1992లో రాశారు. లిలోకు ఫైల్ సిస్టమ్ చదవడం రాదు. కెర్నల్ డిస్కులో ఏ బ్లాకుల్లో ఉందో ముందుగానే రాసిపెట్టుకుని నేరుగా అక్కడికే పోతుంది. అందుకే కెర్నల్ మార్చిన ప్రతిసారీ లిలో ఆదేశాన్ని మళ్లీ నడపాలి. మరిచిపోతే మరుసటి బూట్ అయినట్టే. మొదలయ్యేటప్పుడు తన పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా తెరమీద వేసేది. రెండక్షరాల దగ్గర ఆగితే లోపం ఏ దశలో ఉందో తెలిసినవాళ్లు పోల్చుకునేవారు. దాని అభివృద్ధి 2015తో ఆగింది.

గ్రబ్ కథ వేరే దిక్కున మొదలైంది. గ్నూ హర్డ్‌ను బూట్ చేయడానికి ఎరిక్ బోలిన్ 1995లో దాన్ని రాశారు. 1999లో అది గ్నూ ప్యాకేజీ అయింది. ఫైల్ సిస్టములను చదవగలగడం దాని అసలు బలం. సెట్టింగుల ఫైలు మార్చి సేవ్ చేస్తే చాలు. మెనూ పాడైనా కమాండ్ లైను మిగిలి ఉంటుంది, అక్కడ పార్టిషన్లను వెతికి, కెర్నల్ పేరు కొట్టి, చేత్తో బూట్ చేసుకోవచ్చు. తిరగరాసిన గ్రబ్ 2ను ఉబుంటు 2009లో 9.10తోనే తీసుకుంది. 2.00 వెర్షన్ మాత్రం 2012లో గానీ రాలేదు.

ఇంత పెద్ద ప్రోగ్రాము 446 బైట్లలో ఎలా పడుతుంది? పడదు. మిగతా భాగాన్ని మొదటి సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీగా ఉండే, సాధారణంగా 62 సెక్టార్ల చోటులో దాచేవారు. ఆ చోటు ఎవరిదీ కాదు. విండోస్‌లో నడిచే కొన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్లు తమ లైసెన్సు గుర్తులనూ అక్కడే దాచేవి. ఆ సాఫ్ట్‌వేరును ఒకసారి తెరిచి, యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే గ్రబ్ లేచేది కాదు. తప్పు ఎవరిదో వాడేవాళ్లకు అంతుబట్టేది కాదు.

యూఈఎఫ్ఐ తీర్చిన తగువు, తెచ్చిన తగువు

బయోస్ స్థానంలో ఇంటెల్ తన ఇటానియమ్ యంత్రాల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరం చేతికి వచ్చింది. డిస్కులో ఫ్యాట్ ఫార్మాటులో ఒక ఉమ్మడి పార్టిషన్ ఉంటుంది, దాన్ని ఈఎస్పీ అంటారు. అపార్ట్‌మెంటు కింద వరసగా ఉండే పోస్టు డబ్బాల్లా ప్రతి వ్యవస్థకూ అందులో తనదైన ఫోల్డరు. మైక్రోసాఫ్ట్‌ది ఒకటి, ఉబుంటుది ఒకటి, ఫెడోరాది ఒకటి. ఏది ముందు, ఏది తర్వాత అనే వరుస మదర్‌బోర్డులోని చిప్పులో ఉంటుంది. ఒకరిది ఒకరు చెరపాల్సిన అవసరం లేదు. కాగితం మీద ఆ పాత కొట్లాట ఇక్కడితో ముగిసినట్టే.

ఆచరణ వేరుగా ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేరు ఆ వరుసను పట్టించుకోకుండా విండోస్ పేరున్న ఎంట్రీనే ఎత్తుకుంటుంది. ఫర్మ్‌వేరు అప్‌డేటు అయ్యాక వరుస చెదిరిపోవడం మామూలే. 2013లో కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాప్‌లైతే లినక్స్ బూట్ చేసినందుకే మళ్లీ లేవకుండా పోయాయి. ఫర్మ్‌వేరు మెనూ తెరిచే మీట కూడా కంపెనీకొకటి. ఒకచోట ఎఫ్12, మరోచోట ఎఫ్9, ఇంకోచోట ఎస్కేప్.

అసలు చిక్కు ఒకే వ్యవస్థకు చెందిన రెండు వెర్షన్లు పక్కపక్కన ఉన్నప్పుడు బయటపడుతుంది. ఉబుంటు 22.04 ఉన్న యంత్రంలో 24.04ను వేరే పార్టిషన్‌లో వేశారనుకుందాం. ఈఎస్పీలో రెండింటికీ ఉన్నది ఉబుంటు అనే ఒక్క ఫోల్డరే. అందులోని మూడు నాలుగు వరసల చిన్న గ్రబ్ ఫైలు, అసలు మెనూ ఏ పార్టిషన్‌లో ఉందో చెబుతుంది. చివరగా వేసిన 24.04 ఆ ఫైలును తనవైపు తిప్పుకుంటుంది. తర్వాత 22.04లో కొత్త కెర్నల్ వస్తే, అది తన పార్టిషన్‌లోని మెనూను సరిచేసుకుంటుంది. కానీ తెరమీదికి వచ్చేది 24.04 మెనూ. అందులో 22.04 పాత కెర్నలే కనిపిస్తూ ఉంటుంది. కొన్నాళ్లకు 22.04లో గ్రబ్ ప్యాకేజీయే అప్‌డేట్ అయితే ఆ చిన్న ఫైలు మళ్లీ అటు తిరుగుతుంది. ఇన్నాళ్లూ చూస్తున్న మెనూ రాత్రికి రాత్రి మారిపోయినట్టుంటుంది. అదే ఉబుంటు పక్కన ఫెడోరా ఉంటే ఈ గొడవ రాదు, ఫోల్డర్లు వేరు గనక.

విండోస్‌లోనూ ఇంతే. 10, 11 రెండూ ఉంటే రెండింటికీ కలిపి బీసీడీ ఒక్కటే. రెండో ఎస్ఎస్‌డీలో విండోస్ 11 వేసేటప్పుడు మొదటి డిస్కు కూడా తగిలించి ఉంటే, ఇన్‌స్టాలర్ కొత్త ఈఎస్పీ చేసుకోకుండా మొదటి డిస్కులో ఉన్నదాన్నే వాడుకుంటుంది. అంతా బాగానే నడుస్తుంది. పాత డిస్కును తీసేసిన రోజున కొత్త విండోస్ లేవదు. ఇన్‌స్టాల్ చేసేంతసేపు మొదటి డిస్కును ఊడదీసి ఉంచాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది అందుకే.

ఇప్పటి పక్షాలు

విండోస్ సొంత మేనేజరు విండోస్ వెర్షన్లు మాత్రమే ఉన్నచోట సరిపోతుంది. బీసీడీఎడిట్ ఆదేశంతోనో, ఈజీబీసీడీ సాయంతోనో పేర్లు, వరుస, గడువు మార్చుకోవచ్చు. విండోస్ 8 నుంచి వస్తున్న నీలిరంగు మెనూలో ఒక ఇబ్బంది ఉంది. అది డిఫాల్టు వ్యవస్థ సగం లేచాక కనిపిస్తుంది. రెండోదాన్ని ఎంచుకుంటే యంత్రం మళ్లీ మొదటినుంచీ మొదలవుతుంది. బూట్ మెనూ పాలసీని లెగసీగా మారిస్తే పాత అక్షరాల మెనూ వస్తుంది, సమయమూ కలిసొస్తుంది. యూఈఎఫ్ఐ యంత్రాల్లో లినక్స్‌ను ఇందులో చేర్చడానికి మాత్రం సవ్యమైన దారి లేదు.

గ్రబ్ అన్నిటినీ బూట్ చేయగలదు. పాత బయోస్ యంత్రమైనా, కొత్త యూఈఎఫ్ఐ అయినా, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయినా, రెయిడ్ అయినా దానికి ఒకటే. దాని బలహీనత కూడా ఆ విస్తారంలోనే ఉంది. పక్క వ్యవస్థలను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్‌ను 2021లో వచ్చిన 2.06లో భద్రతా కారణాలతో డిఫాల్టుగా ఆపేశారు. కంటపడ్డ ప్రతి పార్టిషన్‌నూ మౌంట్ చేసి చూడటం ప్రమాదమని గ్రబ్ బృందం భావించింది. అప్‌డేట్ తర్వాత మెనూలోంచి విండోస్ మాయమైందని ఎందరో కంగారుపడ్డారు, ఒక సెట్టింగు తిరగేస్తే వచ్చేస్తుందని తెలియక. 2022 ఆగస్టులో ఆర్చ్ లినక్స్‌కు వచ్చిన గ్రబ్ ప్యాకేజీ చాలా యంత్రాలను బూట్ కాకుండా చేసింది. ఆర్చ్ ఆధారంగా నడిచే ఎండెవర్‌ఓఎస్ అదే ఏడాది చివర్లో సిస్టమ్‌డీ-బూట్‌ను తన డిఫాల్టు చేసుకుంది.

ఆ సిస్టమ్‌డీ-బూట్ మొదటి పేరు గమ్మీబూట్. 2012లో కే సీవర్స్, హారాల్డ్ హోయర్ మొదలుపెట్టారు, 2015లో అది సిస్టమ్‌డీలో కలిసింది. చేసే పని తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువే. ఒక్కో కెర్నల్‌కు ఒక్కో చిన్న ఫైలు, అంతే. అయితే అది చదివేది ఫర్మ్‌వేరు చదవగలిగే ఫ్యాట్ పార్టిషన్లనే. సాధారణంగా కెర్నళ్లన్నీ ఈఎస్పీలోనే ఉండాలి. విండోస్ మామూలుగా చేసే ఈఎస్పీ 100 ఎంబీ. రెండు మూడు కెర్నళ్లు, వాటి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లు చేరేసరికి అది నిండిపోతుంది. విడిగా మరో బూట్ పార్టిషన్ చేసుకునే వీలుంది గానీ, కొత్తవాళ్లకు అది అదనపు భారమే. ఇంకోటి, తాను ఉన్న ఈఎస్పీలో ఉంటేనే విండోస్‌ను అది తనంతట తాను గుర్తిస్తుంది. వేరే డిస్కులో ఉన్న విండోస్ దానికి కనబడదు.

తటస్థ పక్షానికి నేటి వారసుడు రెఫైండ్. ఇంటెల్ మ్యాక్‌ల కోసం క్రిస్టోఫ్ ఫిస్టరర్ రాసిన రెఫిట్ ఆగిపోయాక, రోడరిక్ స్మిత్ 2012లో దాన్ని అందుకుని రెఫైండ్‌గా మలిచారు. ప్రతి బూట్‌లోనూ అన్ని డిస్కులూ వెతికి, దొరికిన ప్రతి లోడరుకూ ఒక బొమ్మ వేసి చూపిస్తుంది. జాబితా రాసిపెట్టుకోదు కాబట్టి పాతబడిన జాబితా అనే సమస్యే లేదు. యూఎస్‌బీ డ్రైవు గుచ్చితే అదీ ఆ వరసలో చేరుతుంది. ఇది యూఈఎఫ్ఐకే పరిమితం, సెక్యూర్ బూట్ (దాని సంగతి కింద ఉంది) ఉంటే అదనంగా కొంత పని చేసుకోవాలి. ప్రధానంగా ఒక్కరి శ్రమ మీద నిలిచిన ప్రాజెక్టు కావడం దీని మీద ఉన్న నిజమైన బెంగ.

మధ్యవర్తి అసలు ఎందుకని అడిగేవాళ్లకూ ఆధారముంది. 2012లో వచ్చిన లినక్స్ 3.3 నుంచి కెర్నలే ఈఎఫ్ఐ ప్రోగ్రాములా నేరుగా లేవగలదు. 2024లో రెడ్ హ్యాట్ ఇంజినీర్లు ఇంకో అడుగు ముందుకేసి, గ్రబ్ స్థానంలో చిన్న లినక్స్ కెర్నల్‌నే పెట్టే ప్రతిపాదనను ముందుకు తెచ్చారు. ఫైల్ సిస్టములు, నెట్‌వర్కు, ఎన్‌క్రిప్షన్ చదివే కోడు కెర్నల్‌లో ఎలాగూ ఉంది, దాన్నే గ్రబ్‌లో రెండోసారి రాసి కాపాడుకోవడం వృథా అన్నది వాళ్ల వాదన. బరువున్న వాదనే ఇది. ఇక విండోస్ వదలకుండా లినక్స్ ఆదేశాలు మాత్రమే కావాలనుకునేవాళ్లకు విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ చాలు, పాత విండోస్‌లో ఒక్క సాఫ్ట్‌వేరే కావాలంటే వర్చువల్ మెషీన్ చాలు. వాళ్లకు ఈ చర్చతో పనే లేదు.

సెక్యూర్ బూట్ అనే ముడి

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ ఇళ్లలోకి వచ్చింది. ఫర్మ్‌వేరు ఇప్పుడు కోడు ఎవరిదని అడుగుతుంది, సంతకం చూపించమంటుంది. చాలా పీసీల్లో చెల్లే తాళాలు మైక్రోసాఫ్ట్‌వి కాబట్టి, లినక్స్ పంపిణీలు షిమ్ అనే చిన్న లోడరుకు మైక్రోసాఫ్ట్ సంతకం తెచ్చుకుంటాయి. ఆ తర్వాత గ్రబ్‌నూ కెర్నల్‌నూ షిమ్ తనిఖీ చేస్తుంది.

2020 జులైలో బూట్‌హోల్ బయటపడింది. గ్రబ్ తన సెట్టింగుల ఫైలు చదివే తీరులో ఉన్న లోపంతో ఈ కాపలా మొత్తాన్నీ దాటేయవచ్చని ఎక్లిప్సియమ్ సంస్థ చూపించింది. సంతకమున్న పాత గ్రబ్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా నిషేధించాలంటే ఫర్మ్‌వేరులో ఆ జాబితాకు చోటు చాలదు. అందుకని తరం సంఖ్యను బట్టి పాతవాటిని గంపగుత్తగా తిరస్కరించే ఎస్‌బ్యాట్ పద్ధతి వచ్చింది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేటు ద్వారా మైక్రోసాఫ్ట్ ఆ సంఖ్యను పెంచింది. లినక్స్ కూడా ఉన్న యంత్రాల జోలికి ఇది రాదని ముందే చెప్పింది. లినక్స్ ఉందో లేదో పట్టుకునే ఆ గుర్తింపు అన్నిచోట్లా పనిచేయలేదు. విండోస్ మామూలుగానే లేచింది, లినక్స్ మాత్రం భద్రతా నియమం ఉల్లంఘన అనే సందేశంతో ఆగిపోయింది. ఒక వ్యవస్థ అప్‌డేటు రెండోదాన్ని ఆపగలదన్న పాత భయం, 446 బైట్ల కాలం పోయాక కూడా అలాగే ఉందని అప్పుడు తేలింది.

విండోస్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌ది మరో చిక్కు. బూట్ దారిలో ఎవరెవరు నడిచారో టీపీఎం కొలిచిపెట్టుకుంటుంది. షిమ్, గ్రబ్‌ల మీదుగా విండోస్‌లోకి వెళ్తే ఆ కొలత మారి, 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశముంది. ఫర్మ్‌వేరు మెనూ నుంచి నేరుగా వెళ్తే అడగదు. సిస్టమ్‌డీ-బూట్‌లో దీనికో ఉపాయం ఉంది. బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ను ఎంచుకుంటే, తరువాతి బూట్ విండోస్‌దేనని ఫర్మ్‌వేరుకు చెప్పి యంత్రాన్ని రీస్టార్ట్ చేసే ఆప్షన్ అది. కొన్ని సెకన్లు పోతాయి, కొలత చెడదు.

మెనూది కాని తప్పులు

మేనేజరు మార్చినా పోని ఫిర్యాదులు రెండున్నాయి. విండోస్ గడియారపు చిప్పులో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ అందులో యూటీసీ ఉంచుతుంది. సర్దుబాటు చేయకపోతే మన దేశంలో తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. హైదరాబాదులో రాత్రి తొమ్మిదింటికి లినక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. సమయం తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు కూడా మొరాయించవచ్చు. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో ఇది సరిపోతుంది. రెండోది ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, దాని డ్రైవులు లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి రావు. రెండు వ్యవస్థలున్న యంత్రంలో దీన్ని ఆపేయడమే క్షేమం.

పోల్చి చూస్తే

రెండు మూడు విండోస్‌లే ఉన్న యంత్రానికి విండోస్ మేనేజరును మించింది అక్కర్లేదు. పాత బయోస్ యంత్రంలో విండోస్, లినక్స్ కలిసి ఉంటే గ్రబ్‌కు నేడు గట్టి పోటీ లేదు. యూఈఎఫ్ఐ యంత్రంలో విండోస్‌తో పాటు ఒక్క లినక్స్ ఉంటే, ఆ లినక్స్ తెచ్చిన మేనేజరునే ఉంచుకోవడం మేలు, ఎందుకంటే దాని అప్‌డేట్లు పరీక్షించేది ఆ పంపిణీవాళ్లే. మూడు నాలుగు లినక్స్‌లు మారుస్తూ ప్రయోగాలు చేసేవాళ్లకు రెఫైండ్ సుఖం. రెండు డిస్కులు పెట్టుకోగలిగితే, డిస్కుకొక వ్యవస్థ, దాని ఈఎస్పీ దానికే అన్న ఏర్పాటు వీటన్నిటికన్నా గట్టిది. అప్పుడు ఫర్మ్‌వేరు మెనూయే సరిపోతుంది.

ఇన్ని పోలికల్లోనూ స్థిరంగా నిలిచే కొలమానం ఒకటుంది. మెనూ చూపించే ప్రోగ్రాము రేపు పోయినా, ప్రతి వ్యవస్థా తన సొంత లోడరుతో ఫర్మ్‌వేరు నుంచి లేవగలగాలి. మేనేజరు ఎంపిక చేయించేదిగానే ఉండాలి, దాని మీద ఎవరి ప్రాణమూ ఆధారపడకూడదు. ఈ కొలమానంతో చూస్తే అందం, వేగం, బొమ్మలు వెనక్కి పోతాయి. ఉమ్మడి ఈఎస్పీ, ఉమ్మడి ఫోల్డరు, ఉమ్మడి బీసీడీ ముందుకొచ్చి నిలుస్తాయి. అనుమానించాల్సింది వాటినే.

తేలనివి

సెక్యూర్ బూట్‌కు ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి వరసగా తీరుతుంది. పాత సంతకాలున్న లోడర్లు ఆ రోజుతో ఆగిపోవు. కానీ 2023 సర్టిఫికెట్‌తో సంతకం చేసిన కొత్త షిమ్‌లు లేవాలంటే ఫర్మ్‌వేరులో ఆ కొత్త సర్టిఫికెట్ ఉండాలి. తయారీదారు ఎప్పుడో వదిలేసిన పాత యంత్రాలకు దాన్ని ఎవరు చేరుస్తారన్నది యంత్రాన్ని బట్టి మారే సంగతి. పాత యంత్రాన్ని బతికించుకోవాలని లినక్స్ వేసుకున్నవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ తగిలేలా ఉంది.

అంతకన్నా లోతైన ప్రశ్న భద్రతా స్థాయిది. పీసీలో సెక్యూర్ బూట్ ఉంటే మొత్తం యంత్రానికి ఉన్నట్టు, తీసేస్తే మొత్తానికి తీసేసినట్టు. ప్రయోగానికి వేసుకున్న లినక్స్ కోసం దాన్ని ఆపితే, బ్యాంకు పనులు చూసుకునే విండోస్ కూడా ఆ రక్షణ కోల్పోతుంది. 2020లో సొంత చిప్పులకు మారిన ఆపిల్ ఇక్కడ వేరే దారి పట్టింది. ఆ మ్యాక్‌లలో భద్రతా విధానం యంత్రానికి కాక, అందులో వేసిన ఒక్కో వ్యవస్థకూ విడివిడిగా ఉంటుంది. లినక్స్ కోసం ఒక పార్టిషన్ నియమాలు సడలించినా, పక్కనున్న మ్యాక్‌ఓఎస్ పూర్తి భద్రతతోనే లేస్తుంది. యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్‌లో వ్యవస్థకొక విధానం పెట్టుకునే ఇలాంటి ఏర్పాటు లేదు. అది వచ్చేదాకా పీసీలో ఏ మేనేజరును ఎంచుకున్నా, అన్ని వ్యవస్థలూ ఒకే తాళం కింద ఉండక తప్పదు.